అక్క నామినేషన్ పనులు నా చేతికొచ్చాక

కోనసీమలో మాది రాజకీయాల ఇల్లని పేరు. తాతయ్య సర్పంచి, తర్వాత సమితి ప్రెసిడెంటు. నాన్న 1985లో మొదటిసారి అసెంబ్లీకి నిలబడ్డారు. 2024లో పార్టీ అసెంబ్లీకి అక్క పేరు ప్రకటించగానే ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "ఆవిడకేంటండీ, నాన్నగారి పేరు చాలు!" పేరుతోనే అయిపోయేదైతే, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి అబ్బాయి హరీష్ 2019లో ఓడిపోయి, 2024 దాకా ఆగాల్సి వచ్చేది కాదు. ఆ పేరు టికెట్ దాకా తీసుకొస్తుందేమో. నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి బల్ల మీద పెట్టే కాగితాలు మాత్రం ఎవరివి వాళ్లు సిద్ధం చేసుకోవాల్సిందే. ఆ పని నాకు అప్పజెప్పారు.

నాన్న మొదటిసారి కట్టిన డిపాజిట్టు 250 రూపాయలు. ఇప్పుడు 10,000, ఎస్సీ ఎస్టీలకు సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని నియోజకవర్గంలో ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంటుకి పదిమంది కావాలి. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా కనీసం ఒకరోజు ముందే తెరవాలి. ఇవన్నీ చకచకా అయిపోయాయి. అసలు పనంతా ఫారం 26 అఫిడవిట్టు దగ్గరే, అంటే అభ్యర్థి తన వివరాలన్నీ ప్రమాణం చేసి రాసిచ్చే పత్రం.

సుప్రీంకోర్టు తీర్పుతో 2003 నుంచి ఇది తప్పనిసరైంది. అక్క, బావ, పిల్లల ఆస్తులు, అప్పులు, ఐదేళ్ల ఆదాయపన్ను లెక్కలు, అక్క మీద కేసులేమైనా ఉంటే అవి. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు, లేకపోతే లేదని రాయాలి. బంగారం గ్రాముల లెక్కన తూయించాం.

భూముల దగ్గరికొచ్చేసరికి ఇంట్లో పెట్టెలన్నీ తెరవాల్సొచ్చింది. పసుపు కుంకుమ కింద అక్కకిచ్చిన కొబ్బరితోట కాగితాల్లో ఇంకా అమ్మ పేరు మీదే ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పులతోనే రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కి గిఫ్ట్ డీడ్ రాసిచ్చింది. లంకలో భూమి నాన్న పోయాక అక్క పేరుకి మారింది. వన్‌బీలో, అంటే ఎవరి పేరు మీద ఎంత భూముందో చూపే రెవెన్యూ రికార్డులో, ఎకరం ఎనభై సెంట్లు. వెళ్లి చూస్తే సగానికి పైగా గోదాట్లో కలిసిపోయింది. గట్టు నిలువునా కోసుకుపోయి, అంచున ఒక కొబ్బరిచెట్టు వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. కౌలు చేసే ఆయన నీళ్లవైపు చెయ్యి చాపి, "అదిగోనండి, ఆ గుర్రపుడెక్క తేలుతుందే, అక్కడుండేదండి మన సరిహద్దు రాయి" అన్నాడు.

"పోయినదాని గొడవ మనకెందుకురా, వదిలెయ్" అన్నాడు బాబాయ్.

అక్క ఒప్పుకోలేదు. "రికార్డులో నా పేరుంది బాబాయ్. రేపు దాచిందంటే ఏం చెప్పను?" విస్తీర్ణం రికార్డులో ఉన్నట్టే రాసి, కోతలో పోయిన సంగతి పక్కనే చెప్పి, మిగిలినదానికి విలువ కట్టాం. ఆ పూట అక్క మీద నాకు గౌరవం పెరిగింది. సభల్లో ఆవిడ ఎంత బాగా మాట్లాడినా అంత పెరగలేదు.

నామినేషన్ రోజు అయినవిల్లి వినాయకుడి దగ్గర కాగితాలు పెట్టి బయల్దేరాం. వెంట ఊళ్లకి ఊళ్లే వచ్చాయి గానీ ఆఫీసుకి వంద మీటర్ల దగ్గర అంతా ఆగిపోవాలి. లోపలికి అభ్యర్థితో కలిపి ఐదుగురే. మా అభ్యర్థి ఈవిడేనని పార్టీ ఇచ్చే బీఫాం చేతిలోనే ఉంది కాబట్టి, దాన్ని ఇవ్వాల్సిన ఆఖరిరోజు మధ్యాహ్నం మూడింటి గడువు గురించి గుబులు పడలేదు. అక్క నామినేషన్ చెల్లకపోతే ఉంటుందని బావ డమ్మీ అభ్యర్థిగా ఇంకో సెట్టు వేశాడు. అక్కడే అక్క దైవసాక్షిగా ప్రమాణం చదివింది. ఏప్రిల్ 26న నామినేషన్ల పరిశీలనలో, అదే స్క్రూటినీలో, ఎదుటి పార్టీ ఏజెంటు అఫిడవిట్టులో లంక భూమి దగ్గరే వేలు పెట్టాడు. పక్కన రాసింది చదువుకుని ఊరుకున్నాడు. నామినేషన్ ఆమోదించారు.

మీ ఇంట్లో ఎవరికైనా పోటీ చేసే ఆలోచనుంటే వన్‌బీలు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) ఇప్పుడే తీయించండి. పోయినవాళ్ల పేరు మీదున్న భూముల మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పిడి, ముందే చేయించండి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువులోగా తేలే పని కాదు.