డీకాఫ్ కోల్డ్ బ్రూ: మామూలు కొలతలు దీనికి సరిపోవు

సాయంత్రం కాఫీ తాగితే రాత్రి నిద్ర పట్టనివాళ్లకీ, కెఫీన్ తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లకీ హైదరాబాద్ ఎండల్లో డీకాఫ్ కోల్డ్ బ్రూ, అంటే కెఫీన్ తీసేసిన గింజల పొడిని చన్నీళ్లలో గంటల తరబడి నానబెట్టి చేసే కాఫీ, చాలా మంచి దారి. అయితే మామూలు కోల్డ్ బ్రూ కొలతలే ఉంచి గింజలు మాత్రం మారిస్తే, చప్పగా, అడుగున మడ్డితో వస్తుంది. డీకాఫ్ గింజ పచ్చిగా ఉన్నప్పుడే ఒకసారి నాని, కెఫీన్‌తో పాటు కొంత రుచి కూడా వదులుకుని, మళ్లీ ఆరి, ఆ తర్వాత వేగింది. అందుకే అది పెళుసుగా ఉంటుంది, మిక్సీలో తొందరగా పిండి అవుతుంది, వాసన త్వరగా పోతుంది. కొలత, పొడి, వడకట్టడం, ఈ మూడూ దాని తీరును బట్టే మార్చుకోవాలి.

ముందుగా ఒక అపోహ. చన్నీళ్లలో నానబెడితే కెఫీన్ దిగదని, కాబట్టి మామూలు గింజలతో చేసిన కోల్డ్ బ్రూ కూడా ఫరవాలేదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. మామూలు గది వేడిలో 100 మిల్లీలీటర్ల నీళ్లు దాదాపు 2 గ్రాముల కెఫీన్‌ను కరిగించుకోగలవు. 100 గ్రాముల అరబికా రకం గింజల్లో ఉన్న కెఫీన్ మొత్తం 1.2 గ్రాముల దగ్గరే. ముప్పావు లీటరు నీళ్లకు అదొక లెక్కే కాదు, గంటల తరబడి నానితే చాలావరకు దిగిపోతుంది. పొడి మీద వేడినీళ్లు పోసి, అర నిమిషం ఉంచి పారబోస్తే ఇంట్లోనే డీకాఫ్ అవుతుందన్న చిట్కా కూడా పనికిరాదు. అంతలో పోయే కెఫీన్ కొంతే, వాసన మాత్రం చాలా పోతుంది. కెఫీన్ తీయాల్సింది పచ్చి గింజలో ఉన్నప్పుడే, అది ఫ్యాక్టరీలో జరిగే పని.

తీసినా పూర్తిగా పోదు. అమెరికాలో 97 శాతం తీస్తేనే డీకాఫ్ అంటారు. ఆ లెక్కన 100 గ్రాముల అరబికా డీకాఫ్‌లో 36 మిల్లీగ్రాములు మిగులుతుంది. కింద చెప్పిన కొలతతో సీసాకు అయిదు గ్లాసులు వస్తాయి కాబట్టి గ్లాసుకు 7 మిల్లీగ్రాములకు మించదు. రోబస్టా రకంలో కెఫీన్ మొదటినుంచే దాదాపు రెట్టింపు, దాని డీకాఫ్‌లో గ్లాసుకు 13 వరకు రావచ్చు. మామూలు అరబికాతో ఇదే చిక్కదనంలో చేస్తే గ్లాసుకు 150 దాటే అవకాశం ఉంది. కెఫీన్ అస్సలు పడనివాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకుని, డీకాఫ్ కదా అని రాత్రిపూట మూడు గ్లాసులు తాగకుండా ఉంటే మేలు.

గింజలు కొనేటప్పుడు ప్యాకెట్ మీద రెండు విషయాలు చూడండి. ఒకటి, కెఫీన్ ఎలా తీశారన్నది. స్విస్ వాటర్ అని ఉంటే నీళ్లు, బొగ్గు ఫిల్టర్లతో తీసినది. సీఓటూ అంటే ఒత్తిడిలో పెట్టిన కార్బన్ డయాక్సైడ్‌తో తీసినది. షుగర్‌కేన్ అనో, ఈఏ అనో ఉంటే ఇథైల్ ఎసిటేట్‌తో తీసినది. కొలంబియా నుంచి వచ్చే డీకాఫ్ చాలావరకు ఇదే, కాస్త తియ్యటి పండు వాసన ఉంటుంది. కోల్డ్ బ్రూకి నా ఓటు దీనికే, ఎందుకంటే చల్లటి కాఫీలో మొదట కనబడకుండా పోయేది ఆ పండు వాసనే. రెండోది, వేయించిన తేదీ. డీకాఫ్‌కి ఇది మామూలు గింజలకన్నా ముఖ్యం. వేయించి నెల దాటినవి వద్దు. తెచ్చాక వారంలో వాడలేకపోతే 100 గ్రాముల చొప్పున గాలి చొరని సంచుల్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. డీకాఫ్ గింజ రంగు నల్లగా, పైన నూనె మెరుపుతో కనిపించినా ఎక్కువ వేగిందని అనుకోనక్కర్లేదు, మధ్యస్థంగా వేయించినది కూడా అలాగే ఉంటుంది.

కాఫీ పొడి దుకాణంలో ఆడించి ఇచ్చే ఫిల్టర్ పొడి దీనికి పనికిరాదు. చికోరీలో కెఫీన్ లేకపోయినా, అది కలిపినంత మాత్రాన మిగతా పొడి డీకాఫ్ కాదు. పైగా ఆ పొడి మరీ మెత్తన, చన్నీళ్లలో బురదై వడకట్టే గుడ్డను మూసేస్తుంది.

పొడి బొంబాయి రవ్వ కంటే లావుగా ఉండాలి. గ్రైండర్ ఉంటే మామూలు కోల్డ్ బ్రూకి పెట్టేదానికన్నా ఒక మెట్టు లావుగా పెట్టండి. మిక్సీ అయితే చిన్న పొడి జార్‌లో ఒక్కో విడత 30 గ్రాములే వేసి, రెండేసి సెకన్లు తిప్పి ఆపుతూ, మధ్యలో జార్ ఊపుతూ ఆడించాలి. డీకాఫ్‌కి నాలుగైదు సార్లు తిప్పితే సరిపోతుంది. ఒకేసారి తిప్పితే సగం పిండి, సగం బద్దలు అవుతాయి. పిండి నుంచి చేదు, బద్దల నుంచి నీళ్లదనం, రెండూ ఒకే సీసాలో వస్తాయి. ఆడించాక పిండి జల్లెడలో ఒకసారి జల్లిస్తే మెత్తటిదంతా కిందికి దిగుతుంది. ఆ పిండిని పారేయకండి, మర్నాడు స్టీలు ఫిల్టర్‌లో వేడి కాఫీకి బాగుంటుంది. జల్లించాక పైన మిగిలినది 100 గ్రాములు ఉండాలంటే గింజలు 115 నుంచి 120 గ్రాములు తీసుకోవాలి. ధనియాలు, మిరియాలు ఆడించిన జార్ అయితే ముందు గుప్పెడు బియ్యం ఆడించి తుడవండి.

నీళ్ల సంగతి హైదరాబాద్‌లో తప్పక మాట్లాడాలి. బోరునీళ్లు కఠినంగా ఉంటాయి, వాటితో చేస్తే కాఫీ మొద్దుబారుతుంది. ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు మరీ తక్కువైతే ఇంకో సమస్య, కాఫీ పల్చగా, పుల్లగా తోస్తుంది. డీకాఫ్‌లో రుచి ముందే తక్కువ కాబట్టి అది ఇంకా బయటపడుతుంది. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఖనిజాల కొలత, 75 నుంచి 150 మధ్య ఉంటే బాగుంటుంది. కాచి చల్లార్చిన మున్సిపల్ నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు సగం సగం కలిపి చూడండి. టీడీఎస్ మీటరు ఉంటే ఇంకా తేలిక.

కొలత: 100 గ్రాముల పొడి, 700 మిల్లీలీటర్ల నీళ్లు. మామూలు గింజలకి 800 పోసేవాళ్లు కూడా ఇక్కడ 700 దాటొద్దు.

ఇందులో 150 మిల్లీలీటర్లు వేడివి. నీళ్లు మరిగించి, పొయ్యి ఆపి, ఒకటి రెండు నిమిషాలు ఆగితే 90 డిగ్రీల దగ్గరకు వస్తాయి. పొడిని స్టీలు గిన్నెలో వేసి, ఈ వేడినీళ్లు పోసి, ఒక్క నిమిషం కలపండి. చన్నీళ్లకు లొంగని వాసనలు, కాస్త పులుపు ఇక్కడే బయటికొస్తాయి, డీకాఫ్ చప్పదనానికి ఇంతకన్నా మంచి మందు లేదు. నిమిషం కాగానే ఫ్రిజ్‌లో చల్లబెట్టిన మిగతా 550 మిల్లీలీటర్లు పోసేయాలి. ఆలస్యమైతే చేదు దిగుతుంది. గాజు సీసాలో నేరుగా వేడినీళ్లు పోస్తే పగలొచ్చు, అందుకే స్టీలు గిన్నె. తర్వాత లీటరు పట్టే వెడల్పు మూతి సీసాలోకి మార్చండి. ఆవకాయ పెట్టిన సీసా ఎంత కడిగినా మూత రబ్బరులో వాసన ఉంటుంది, దాన్ని వాడకండి. పావుగంట తర్వాత పైన తేలిన పొడిని చెంచాతో ఒకసారి ముంచి మూత పెట్టేయండి. మళ్లీ మళ్లీ కలిపితే మడ్డి పెరుగుతుంది.

సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. వేసవిలో మన వంటగది 35 డిగ్రీలు దాటుతుంది. కాఫీలో సూక్ష్మజీవుల్ని ఆపేంత పులుపు లేదు, రాత్రంతా బయట పెడితే చెడిపోయే ప్రమాదం ఉంది, రుచి కూడా అదుపు తప్పుతుంది. ఫ్రిజ్‌లో 16 గంటలు సరిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి పెడితే మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు తీయొచ్చు. 18 గంటల తర్వాత రుచి పెరగదు, చెక్కలాంటి వగరు మొదలవుతుంది.

వడకట్టడం రెండు విడతలు. మొదట టీ వడకట్టు మీద మల్లు గుడ్డ పరిచి పోయండి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, ముందు పది నిమిషాలు ఉడకబెట్టి ఆరేయాలి. సబ్బు పౌడరుతో మాత్రం ఉతకకండి. పిప్పిని పిండొద్దు. పిండితే ఇంకో 50 మిల్లీలీటర్లు వస్తుంది నిజమే, కానీ దాంతో పాటు మడ్డీ, చేదూ దిగి సీసా మొత్తాన్ని పాడుచేస్తాయి. తర్వాత పేపర్ ఫిల్టర్‌ను తడిపి, దానిలోంచి నిదానంగా దింపండి. పావుగంటకు పైగా పడుతుంది. ధార పూర్తిగా ఆగిపోతే కాగితం మూసుకుపోయినట్టు, గీకకుండా ఇంకోటి మార్చండి. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి చివరికి 500 మిల్లీలీటర్ల డికాషన్ చేతికి వస్తుంది.

గ్లాసుకు 100 మిల్లీలీటర్ల డికాషన్, 60 నీళ్లు, నాలుగైదు ఐసు ముక్కలు. ఐసు కరుగుతుంది కాబట్టి నీళ్లు ముందే తగ్గించాలి. పాలతో అయితే నీళ్లు వద్దు, కాచి చల్లార్చి మీగడ తీసిన చిక్కటి పాలు 100 పోయండి. మీగడ ఉంటే తెరలుగా తేలుతుంది. పంచదార చల్లటి కాఫీలో తొందరగా కరగదు, సమానంగా నీళ్లు పోసి కరిగించిన పాకం ఒక సీసాలో ఉంచుకోండి.

తాగి చూసినప్పుడు పుల్లగా, పల్చగా ఉంటే పొడి మరీ లావైందన్నమాట, లేదా గంటలు చాలలేదు. నాలుక మీద వగరుగా ఆరిపోతే పిండి ఎక్కువైంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కొలతలు మార్చి లాభం లేదు, గింజలు పాతబడ్డాయి. కడుపులో మంట ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: చన్నీళ్ల కాఫీ పీహెచ్ (పులుపును కొలిచే లెక్క) వేడి కాఫీకి దగ్గరగానే ఉంటుంది, కెఫీన్ తీసినా కాఫీ ఆమ్లాన్ని కొంత ప్రేరేపిస్తుంది. కొద్దిగా తాగి చూసుకోవడమే.

వడకట్టిన డికాషన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది, రుచి మొదటి నాలుగు రోజులే. పాలు కలిపినది ఆరోజే అయిపోవాలి. మూత తీయగానే బుడగలు వచ్చినా, పైన పొర కట్టినా, పులిసిన వాసన వచ్చినా రుచి కూడా చూడకుండా పారబోసి, సీసాను మరిగే నీళ్లతో కడగండి.