అకిలిస్ టెండన్ నొప్పి: పొద్దున వేసే మొదటి అడుగే కొలమానం

మంచం దిగగానే మొదటి నాలుగడుగులు కుంటుతూ పడతాయి. కాసేపు ఇంట్లో తిరిగేసరికి సర్దుకుంటుంది. పరుగు మొదలుపెడితే మొదటి కిలోమీటరు మడమ వెనక పట్టేసినట్టుంటుంది, ఒళ్లు వేడెక్కాక నొప్పి మాయమవుతుంది, ఆగి చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుంది. పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే గట్టి తాడు లాంటి అకిలిస్ టెండన్ దెబ్బతిన్నప్పుడు దూర పరుగు వాళ్లందరం చెప్పే మాటలు దాదాపు ఇవే. పరిగెత్తేటప్పుడు నొప్పి తగ్గుతోంది కాబట్టి పరుగు మంచే చేస్తోందని అనిపిస్తుంది. అసలు లెక్క తేలేది మర్నాడు పొద్దున. ఈ గాయంతో గడిపిన కాలమంతా నేను పట్టుకున్న సూత్రం అదొక్కటే.

ముందు నొప్పి ఎక్కడుందో వేలితో చూసుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య టెండన్‌ను పట్టుకుని మడమ ఎముక దగ్గర్నుంచి మెల్లగా పైకి నొక్కుకుంటూ వెళ్తే, ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన ఒకచోట చురుక్కుమంటుంది, కాస్త లావుగా కూడా తగులుతుంది. అది మధ్యభాగం గాయం. సరిగ్గా ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉంటే అది వేరే రకం, దాని వ్యాయామం కూడా కొంత వేరు. మడమ ఎముకను రెండు పక్కల నుంచి అరచేతులతో గట్టిగా నొక్కితే నొప్పి పుడితే, లేదా పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే, ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడితో వచ్చే సన్నని పగులు) ఉందేమో చూపించుకోవాలి. దాని మీద వ్యాయామాలు చేస్తే చేటే. పిక్క మీద ఎవరో తన్నినట్టు ఒక్కసారిగా తగిలి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకోటి: ఈ మధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఈ మందులు టెండన్లను దెబ్బతీయగలవు, తెగిపోయే ముప్పు కూడా ఉంటుంది.

పరుగులో ఈ ఒక్క టెండన్ మీద పడే లాగుడు శరీర బరువుకు 6 నుంచి 8 రెట్లు ఉంటుంది, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ. ఊపిరి, కండరాలు కొత్త శ్రమకు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, టెండన్‌కు నెలలు పడుతుంది. అందుకే ఒకే వారంలో దూరమూ పెంచి, గుట్ట పరుగులూ కలిపి, మడమ ఎత్తు తక్కువున్న కొత్త బూట్లూ తొడిగితే దెబ్బ ఇక్కడ పడుతుంది. వీటిలో ఏది మారిందో శిక్షణ డైరీ తిరగేస్తే చాలాసార్లు దొరికిపోతుంది.

పూర్తి విశ్రాంతి దీనికి మందు కాదు. రెండు మూడు వారాలు కాలు కదపకుండా కూర్చుంటే నొప్పి తగ్గుతుంది నిజమే, కానీ ఆలోగా పిక్క బలం పడిపోతుంది, టెండన్ ఓర్చుకునే శక్తీ తగ్గుతుంది. మళ్లీ పరిగెత్తిన మొదటి వారంలోనే నొప్పి తిరిగొస్తుంది. స్వీడన్‌లో సిల్బర్నాగెల్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం దీనికి పనికొచ్చే కొలత ఇచ్చింది. నొప్పిని 0 నుంచి 10 దాకా లెక్కేసుకుంటే, వ్యాయామంలోనూ పరుగులోనూ 5 దాకా రావచ్చు. మర్నాడు పొద్దుటికి తగ్గిపోవాలి. వారం వారం పెరగకూడదు. ఈ హద్దుల్లో ఉన్నవాళ్లు పరుగు కొనసాగించినా, మానేసినవాళ్లలాగే కోలుకున్నారు. నేను నా మటుకు 5 కాకుండా 3 దగ్గరే గీత గీసుకున్నాను. పరుగు మధ్యలో ఉన్నప్పుడు మన అంచనా ఎప్పుడూ ఒకటి రెండు అంకెలు తక్కువే చెబుతుంది.

రాసుకోవడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. పొద్దున లేచాక మొదటి పది అడుగుల నొప్పికి ఒక అంకె, బిగుతు వదలడానికి పట్టిన నిమిషాలు, ముందురోజు చేసిన పని. ఈ మూడూ చాలు. అయితే ఒక్క పూట అంకె చూసి బెంబేలెత్తకూడదు, సంబరపడకూడదు. నాలుగైదు రోజుల వరస ఎటు పోతోందో చూడాలి.

ఇక అసలు మందు పిక్క వ్యాయామం. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి చాలామందికి తెలిసిందే. మెట్టు అంచున అరికాలి ముందు భాగం ఆనించి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి ఒక్కదాని మీదే మడమను మెట్టు కిందికి నెమ్మదిగా దించాలి. మోకాలు తిన్నగా పెట్టి 15 సార్ల చొప్పున 3 సెట్లు, మోకాలు కాస్త వంచి మరో 3 సెట్లు. ఇదంతా రోజుకు రెండు పూటలా, 12 వారాలు. అంటే రోజుకు 180 సార్లు. పనిచేస్తుంది, కానీ ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ అన్ని వారాలు నిలబెట్టుకోవడం కష్టం.

నేను ఎంచుకున్నది బరువుతో నెమ్మదిగా చేసే పద్ధతి. వారానికి 3 రోజులే. డెన్మార్క్‌లో 2015లో ఈ రెంటినీ పోల్చి చూస్తే ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. మడమ 3 సెకన్లలో పైకి, 3 సెకన్లలో కిందికి. మొదటి వారం 15 సార్ల చొప్పున 3 సెట్లు; రెండు, మూడు వారాల్లో 12 చొప్పున 3 సెట్లు; నాలుగు, ఐదు వారాల్లో 10 చొప్పున 4 సెట్లు; ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 8 చొప్పున 4 సెట్లు; ఆ తర్వాత 12వ వారం దాకా 6 చొప్పున 4 సెట్లు. సార్లు తగ్గేకొద్దీ బరువు పెరగాలి. చివరిసారి లేవడం నిజంగా కష్టమైతేనే ఆ బరువు సరైనది. సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగాలి. నిలబడి చేసేదీ కూర్చుని చేసేదీ రెండూ కావాలి. మోకాలు వంగినప్పుడు పైపిక్క వదులై, లోపలున్న సోలియస్ కండరం మీద పని పడుతుంది. దూర పరుగులో ఎక్కువ భారం మోసేది ఆ సోలియసే. కూర్చుని చేసేది వదిలేస్తే సగం వైద్యమే జరిగినట్టు.

తేడా వచ్చేది చిన్న చిన్న చోట్ల. అలసట రాగానే మడమ బయటికి వాలి, బరువు చిటికెన వేలి వైపు జారుతుంది. బొటనవేలి మొదలు నేలకు గట్టిగా ఆనిందో లేదో అద్దంలో వెనక నుంచి చూసుకోవాలి, లేదా ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. రెండోది తొందర. 3 సెకన్లు మనసులో లెక్కపెడితే అది ఒకటిన్నరే అవుతుంది, అందుకే సమానంగా టిక్కు టిక్కుమనే మెట్రోనోమ్ యాప్ పెట్టుకోవాలి. కింద తాకగానే ఎగిరినట్టు లేస్తే పని కండరం కాదు, ఆ ఊపు చేస్తుంది. నొప్పి ఎముక అతుకు దగ్గర ఉన్నవాళ్లు మాత్రం మడమను మెట్టు కిందికి దించకూడదు, చదును నేల మీదే చేయాలి. పాదం పైకి వంగినకొద్దీ టెండన్ ఎముకకు ఒత్తుకుని నలుగుతుంది. గోడకు చేతులాన్చి పిక్క సాగదీయడం కూడా వీళ్లకు అదే కారణంతో పడదు. రెండు బూట్లలోనూ మడమ కింద సెంటీమీటరు ఎత్తు మెత్త పెట్టుకుంటే కొన్నాళ్లు హాయిగా ఉంటుంది.

పరుగుకు ముందు ఐబుప్రొఫెన్ వేసుకోవడం నాకు బొత్తిగా నచ్చని అలవాటు. మనం ఆధారపడుతున్నదే ఆ నొప్పి అంకె మీద, దాన్ని మందుతో మూసేస్తే ఇంకేం చూసి నడుచుకుంటాం? టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, తెగిపోయే ముప్పు పెరుగుతుంది. స్కాన్ గురించి కూడా ఒక మాట: నొప్పి పూర్తిగా పోయాక కూడా అల్ట్రాసౌండ్‌లో టెండన్ లావుగానే కనిపించవచ్చు. దాన్ని చూసి కుంగిపోనక్కర్లేదు.

ఈలోగా ఊపిరి బలం నిలబెట్టుకోవడానికి సైకిలు బాగా పనికొస్తుంది, పెడల్‌ను మునివేళ్లతో కాకుండా పాదం మధ్యతో తొక్కితే మడమ వెనక లాగుడు తగ్గుతుంది. లోతు నీళ్లలో నడుముకు బెల్టు కట్టుకుని పరిగెత్తడం ఇంకా మేలు. ఈత కొట్టేవాళ్లు గోడను తన్ని మలుపు తిరిగేటప్పుడు మంచి కాలితోనే తన్నాలి.

మళ్లీ పరుగెప్పుడు? అరగంట చురుగ్గా నడిచినా మర్నాటి అంకె పెరగకూడదు. ఒంటికాలి మీద లేవగలిగిన సార్లు రెండో కాలికి దగ్గరగా రావాలి. అక్కడే నిలబడి ఒంటికాలితో 20 గెంతులు వేసినా నొప్పి 2 దాటకూడదు. అప్పుడు 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడకతో 10 విడతలు, చదును నేల మీద. తర్వాత రెండు రోజులు పరుగు లేదు. గట్టి శ్రమ పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు టెండన్‌కు గట్టిదనమిచ్చే కొలాజెన్ అనే ప్రొటీన్ కట్టుకునేదానికన్నా కరిగేదే ఎక్కువ. ఆ తర్వాతే లెక్క లాభం వైపు తిరుగుతుంది. ముందు పరుగు నిమిషాలు పెంచాలి, 30 నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలిగాక దూరం, దాని తర్వాత వేగం, అన్నిటికన్నా చివర గుట్టలు. వేగమూ గుట్టలూ ఒకే వారంలో మొదలుపెట్టకూడదు.

మధ్యలో ఏదో ఒక వారం అంకె తప్పకుండా ఎగబాకుతుంది. ఒక అంకె పెరిగితే అదే మెట్టు మీద ఆగి, అదే పని మళ్లీ చేయాలి. రెండు పెరిగి రెండు పొద్దుల్లో దిగకపోతే పరుగులో ఒక మెట్టు వెనక్కి వచ్చి, వ్యాయామంలో బరువు సగానికి తగ్గించాలి. పిక్క వ్యాయామం మాత్రం ఆపకూడదు. నొప్పి పోయి పాత దూరాలకు చేరుకున్నాక కూడా దాన్ని వారానికి రెండుసార్లు, పరుగు అయ్యాక, అదే బరువుతో చేస్తూనే ఉండాలి.