హత్య కేసు ఫైలు నుంచి సెన్సారు దాకా: నా అనుభవం

సెషన్స్ కోర్టులో శిక్ష పడిన ఒక హత్య కేసు మీద తీసిన తెలుగు సినిమాకి కోర్టు కాగితాలు తేవడం, స్క్రిప్టుని వాటితో సరిచూడడం, సెన్సారుకి ఫైలు కట్టడం నా పని. కేసు పేరూ ఊరి పేరూ రాయను, ఆ రెండు కుటుంబాలూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పని ఎలా సాగిందో మాత్రం వివరంగా చెబుతాను.

మొదట మా చేతిలో ఉన్నవి పేపరు కటింగులే. వాటితో కథ రాసేస్తే మునిగినట్టే. నేరవార్తల్లో ఎక్కువ భాగం అరెస్టు రోజు పోలీసులు పెట్టే ప్రెస్‌మీట్ నుంచి వస్తుంది. ఆ రోజు చెప్పిన మాటల్లో కోర్టు దాకా నిలిచేవి కొన్నే. అందుకని ముందు తీర్పు తెచ్చుకున్నాం. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటులో కేసు నంబరు, సంవత్సరం, కోర్టు పేరు కొడితే ఆ కేసుకి ప్రత్యేకంగా ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు వస్తుంది. తీర్పు అప్‌లోడ్ అయి ఉంటే అక్కడే దొరుకుతుంది. అందరూ కథ కోసం తీర్పు మొదటి పేజీల్లో వెతుకుతారు గానీ, మాకు బాగా పనికొచ్చింది చివరి పేజీ. ప్రాసిక్యూషన్ సాక్షులు పీడబ్ల్యూ 1, 2 అంటూ వరసగా, గుర్తించిన పత్రాలు ఎగ్జిబిట్ పీ 1, 2 అంటూ, స్వాధీనం చేసుకున్న వస్తువులు ఎంఓలు (మెటీరియల్ ఆబ్జెక్టులు) గా అక్కడ జాబితా ఉంటుంది. ఏ కాపీలు అడగాలో ఆ పేజీయే చెబుతుంది.

సాక్షుల వాంగ్మూలాలు మాత్రం సైటులో దొరకలేదు. కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టాలి. కేసులో పార్టీలం కాము కనుక, ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్‌తో పిటిషన్ వేయాల్సి వచ్చింది. అది వకీలు ద్వారా వేయడమే మేలు. తర్వాత ఎన్ని స్టాంపులు పెట్టాలో కాపీయింగ్ సెక్షన్ నోటీసు బోర్డు మీద వేస్తారు. గడువులోగా పెట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికి రావాలి. రోజూ బోర్డు చూసే మనిషి ఒకరు అక్కడే ఉండాలి. మేం అడిగినవి: ఎఫ్ఐఆర్, నేరస్థలం పంచనామా, దానితో ఉండే రఫ్ స్కెచ్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు, సాక్షులందరి వాంగ్మూలాలు, పాత సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) 313 సెక్షన్ కింద జడ్జి అడిగిన ప్రశ్నలకి ముద్దాయి చెప్పిన జవాబులు. ఆర్ట్ డైరెక్టరుకి రఫ్ స్కెచ్ ఒక్కటే ఎంత పనికొచ్చిందో! ఇంటి గుమ్మం ఏ దిక్కున ఉంది, బావి ఎంత దూరం, వీధిలైటు ఎక్కడ అన్నీ అందులో ఉన్నాయి.

స్క్రిప్టులో పెద్ద తప్పు ఇక్కడే దొర్లింది. మొదటి వెర్షన్‌లో హత్య సీను మొత్తం ముద్దాయి పోలీసుల ముందు ఒప్పుకున్నాడన్న కథనం మీద నడిచింది. ఆ ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్ట్ 25వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అదే ఉంది. అతను చెప్పిన దాన్నిబట్టి వస్తువేదైనా బయటపడితే, ఆ బయటపడడానికి సంబంధించినంత మేరకే కోర్టు తీసుకుంటుంది. దర్యాప్తులో సాక్షులు చెప్పారని 161 సెక్షన్ కింద పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్లూ అంతే, కోర్టులో సాక్షి నోట వస్తేనే విలువ. మా కేసులో ఇద్దరు సాక్షులు ఎదురు తిరిగారు, అంటే పోలీసులు రాసుకున్న మాటలు తాము చెప్పలేదని కోర్టులో అన్నారు. వాళ్లు పోలీసులకు చెప్పారన్న మాటలే సినిమాలో ముఖ్యమైన డైలాగులు. ఆ రెండు సీన్లూ తీసేశాం. హత్యను తెర మీద చూపించకుండా, పొద్దున్నే శవాన్ని మొదట చూసిన సాక్షి కళ్లతో మొదలుపెట్టాం. సినిమాకి బలం వచ్చింది కూడా అక్కడే అని నా నమ్మకం.

తర్వాత ఒక రిజిస్టరు పెట్టాం. ప్రతి సీనుకీ ఒక వరస: సీను నంబరు, ఆధారమైన పత్రం, పేజీ, చెప్పిన సాక్షి. రికార్డులో ఉన్నదానికి ఆకుపచ్చ, మేం మాట్లాడిన మనుషులు చెప్పినదానికి పసుపు, కల్పనకి ఎరుపు. పెళ్లి పాట, పిల్లల ఆటలాంటి వాటికి ఎరుపు ఉన్నా ఫర్వాలేదు. బతికున్న మనిషికి తప్పు అంటగట్టే సీను ఎర్రగా ఉంటే మార్చాల్సిందే. కొట్టివేసిన ఆరోపణకి, నిర్దోషిగా విడుదలైన మనిషికి ఆకుపచ్చ ఇవ్వకూడదు. ఛార్జిషీటులో ఉందన్న కారణం చాలదు.

చిన్న విషయాలు చూసుకోకపోతే ఊళ్లో వాళ్లు ముందు పట్టుకునేవి అవే. ఒక సాక్షి వెన్నెల వెలుగులో మనిషిని గుర్తుపట్టానన్నాడు. ఆ ఏటి పంచాంగం తీసి తిథి చూసి, చంద్రుడు ఏ వేళకి ఉంటాడో లెక్కగట్టాకే కెమెరామన్‌కి లైటింగ్ చెప్పాం. మన దగ్గర ఎస్సై ఎఫ్ఐఆర్ కట్టినా, హత్య కేసు దర్యాప్తు మామూలుగా సీఐ చేతికి వెళ్తుంది. అంతా ఎస్సైతోనే నడిపిస్తే అబద్ధంలా ఉంటుంది. జడ్జి బల్ల మీద సుత్తి కొట్టడు. సాక్షి భగవద్గీత మీద చెయ్యి పెట్టడు, ప్రమాణం నోటితోనే చేస్తాడు. శవం బిగుసుకోవడం మన వేడికి గంట రెండు గంటల్లో మొదలై, 12 గంటలకల్లా ఒళ్లంతా పాకుతుంది. శవ పంచనామా వేళకి చేతులు ఎలా ఉండాలో దాన్నిబట్టే మేకప్‌కి చెప్పాం.

పేర్ల సంగతి మరీ సున్నితం. తమిళనాడులో హత్యలకి ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథ వ్యవహారంలో 1994లో సుప్రీంకోర్టు, పబ్లిక్ రికార్డులో ఉన్న విషయాన్ని అనుమతి లేకుండా కూడా ప్రచురించవచ్చని చెప్పింది. రికార్డు దాటి సొంత బతుకులోకి వెళ్తే ఆ రక్షణ ఉండదు. అత్యాచార బాధితురాలి గుర్తింపు మాత్రం ఏ రూపంలోనూ బయటపెట్టకూడదు, రెండేళ్ల దాకా జైలు పడుతుంది. పిల్లలకి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), జువెనైల్ జస్టిస్ చట్టాల రక్షణ వేరే ఉంది. పేరు మార్చి ఊరు, వృత్తి, ఇంటిపేరు అలాగే వదిలేస్తే అది దాచినట్టు కాదు. మేం పేర్లతోపాటు ఊరి పేరు, వృత్తులు, పిల్లల సంఖ్య మార్చాం.

హతుడి భార్యతో ఒప్పందం రాసుకున్నాం. ఫొటోలు, ఉత్తరాలు వాడే హక్కు, డబ్బింగ్, రీమేక్, ఓటీటీ హక్కులు, నాటకీయతకి మార్పులు చేసే స్వేచ్ఛ, డబ్బు ఎప్పుడెప్పుడు ఇస్తామో అన్నీ విడివిడిగా తెలుగులో రాయించి, ఆమెకి చదివి వినిపించాకే సంతకం తీసుకున్నాం. విడుదలకి ముందు ఆమెకి చూపించాలన్న షరతు మేమే పెట్టాం. చనిపోయిన మనిషి పరువు తీసి అతని వాళ్లని బాధపెట్టడం ఉద్దేశమైతే, అదీ పరువునష్టమే అవుతుంది.

అప్పీలు పెండింగ్‌లో ఉంటే తేదీ విషయంలో జాగ్రత్త అవసరం. 1993 ముంబయి పేలుళ్ల మీద తీసిన ‘బ్లాక్ ఫ్రైడే’ సినిమాని, ఆ కేసు విచారిస్తున్న టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు తీర్పు వచ్చేదాకా బొంబాయి హైకోర్టు ఆపింది. అది 2007 ఫిబ్రవరిలో గానీ థియేటర్లకి రాలేదు. ఇది చూశాకే మా నిర్మాత హైకోర్టు తీర్పు వచ్చేదాకా తేదీ ప్రకటించలేదు.

సెన్సారుకి బోర్డు వెబ్‌సైటు ఈ-సినీప్రమాణ్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు చేసి, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాం. తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఒప్పందం, రిజిస్టరు ముందే జతచేశాం. పరువునష్టం, కోర్టు ధిక్కారం రెండూ సర్టిఫికెట్ నిరాకరించడానికి చట్టంలో ఉన్న కారణాలే. 2023 సవరణ తర్వాత యూఏ (ఆ వయసులోపు పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాల్సిన సర్టిఫికెట్) అంటే 7, 13, 16 ఏళ్లకి మూడు రకాలు. శవపరీక్ష గది షాట్ల నిడివి ముందే తగ్గించుకుని 16కి అడిగాం. సినిమాని మొదట చూసే ఎగ్జామినింగ్ కమిటీతో కుదరకపోతే మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ, ఆ తర్వాత హైకోర్టే. మధ్యలో ఉండే అప్పిలేట్ ట్రిబ్యునల్‌ని 2021లో రద్దు చేశారు. సీఐ పాత్ర సిగరెట్ కాల్చే చోట హెచ్చరిక వేయడం మరిచిపోయి ఒక రోజు పోగొట్టుకున్నాం.

విడుదలయ్యాక రిజిస్టరుని, కాపీలని నిర్మాత వకీలుకి అప్పగించాం. పరువునష్టం క్రిమినల్ ఫిర్యాదుకి గడువు మూడేళ్లు, పరిహారం దావాకి ఏడాది. అందుకే ఆ పెట్టె మీద విడుదల తేదీ రాసి, కనీసం మూడేళ్లు పారేయొద్దని చీటీ అంటించాం.