పాత సినిమా ముందు చెవికెక్కాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్ళల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు, టీవీలో హిందీ. కొన్ని కుటుంబాలు తరతరాలుగా ఇక్కడివే, కొన్ని ఉద్యోగాల మీద వచ్చినవి. ఎవరింట్లోనైనా కథ ఒకటే. తిండి, నిద్ర, తిట్లు, బుజ్జగింపులు తెలుగులో బాగా తెలుసు. పాత సినిమాలో ఒక రాజుగారు గొంతు సవరించుకుని నాలుగు మాటలు మాట్లాడితే మాత్రం పిల్లలు మొహం తేలేస్తారు. "గొప్ప సినిమా, కూర్చుని చూడు" అని మూడు గంటల బొమ్మ పెట్టేస్తే ఇరవై నిమిషాల్లో చేతిలోకి ఫోను వస్తుంది. అప్పుడు పెద్దలు "ఈ కాలం పిల్లలు" అని వదిలేస్తారు. వదిలేయాల్సిన పని లేదు. చూపించే పద్ధతి సరిచేస్తే ఏడేళ్ళ పిల్ల కూడా 1957 నాటి సినిమాను మళ్ళీ పెట్టమంటుంది.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది శబ్దం. భాష సగమే తెలిసిన పిల్లకు మాట స్పష్టంగా వినబడకపోతే ఆ సగం కూడా పోతుంది. ఆ రోజుల సినిమాల్లో శబ్దం ఒకే ట్రాక్, ఫిల్ము అంచున గీతలా ముద్రించింది. సన్నటి హెచ్చు స్వరాలు అందులో పెద్దగా ఉండవు కాబట్టి ట్రెబుల్ పెంచితే మాట తేటపడదు, 'స్స్స్' అనే గీర మాత్రమే పెరుగుతుంది. టీవీలో సరౌండ్ మోడు పెడితే ఇంకా నష్టం. లేని స్టీరియోను పుట్టించబోయి మాటను పలచన చేస్తుంది. సౌండు మెనూలోకి వెళ్ళి 'స్టాండర్డ్' గానీ 'క్లియర్ వాయిస్' గానీ పెట్టండి, బాస్ రెండు మెట్లు తగ్గించండి. ఈ కాలం టీవీల స్పీకర్లు కిందికో గోడవైపుకో తిరిగి ఉంటాయి. పిల్లలు కూర్చున్న చెవి ఎత్తులో, తెర పక్కనే, మామూలు స్పీకరు ఒకటి వైరుతో తగిలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. బ్లూటూత్ వద్దు. చాలా సెట్లలో పెదవి కదిలాక మాట ఆలస్యంగా వస్తుంది. పెదవిని చూసి మాట పట్టుకునే పిల్లకు అది పెద్ద అడ్డు.

తర్వాత బొమ్మ. 1950ల సినిమాలు దాదాపు చదరంగా ఉండే చట్రంలో తీసినవి. వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. వాటిని టీవీ తెర నిండా సాగదీస్తే సావిత్రి మొహం అప్పచ్చిలా అవుతుంది. జూమ్ చేస్తే పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగోవంతు ఎగిరిపోతుంది. కిరీటాలూ పోతాయి, నాట్యం చేసే పాదాలూ పోతాయి. రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండనివ్వండి. కదలికను నున్నగా చేసే ఆప్షను ఒకటి ఉంటుంది, కంపెనీకో పేరుతో. దాన్ని ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు అది లేని ఫ్రేములు అతికించి సీరియల్‌లా కనిపించేట్టు చేస్తుంది.

మొదటి సినిమాగా 'మాయాబజార్' (1957) కన్నా మంచిది లేదు. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్‌లే కెమెరా. మూడు గంటల సినిమా కాబట్టి ఒక్క రోజులో చూపించొద్దు. నలభై నలభై అయిదు నిమిషాల చొప్పున నాలుగు రోజులు చాలు. ఎక్కడ ఆపాలన్నదే కిటుకు. పాట అయిపోగానే ఆపితే పిల్లలకు తృప్తి తీరిపోతుంది, మర్నాడు అడగరు. కథ మలుపు తిరిగిన వెంటనే ఆపాలి. చిన్న శశిరేఖ పెద్దదైన చోట ఒకసారి, అడవిలో ఘటోత్కచుడు కనబడగానే ఒకసారి, అతను శశిరేఖ రూపంలోకి మారగానే ఇంకోసారి. ఈ మూడోచోట ఆపితే రాత్రంతా ఇంట్లో అదే గోల.

ఆ మారిన తర్వాత వచ్చే భాగం మీద ఒక గంట పెట్టినా దండగ లేదు. అక్కడ ఉన్నది శశిరేఖగా వేసిన సావిత్రి. కానీ ఆ ఒంట్లో ఉన్నది ఘటోత్కచుడిగా వేసిన ఎస్.వి. రంగారావు. ముందు రంగారావు నడక, మెడ తిప్పడం, భుజం ఎగరేయడం ఒక నిమిషం చూపించండి. తర్వాత సావిత్రి అదే పని చేసే చోట శబ్దం ఆపేసి చూపించండి. ఎవరూ లేరనుకున్నప్పుడు ఆడపిల్ల ఒంట్లోంచి రాక్షసుడు తొంగిచూడటం, మనుషులు రాగానే సర్దుకోవడం మాట లేకుండానే తెలిసిపోతుంది. పిల్లల్ని లేపి చేయమనండి. నటన అంటే ఏమిటో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. తర్వాత శబ్దం పెట్టి చూస్తే ఆ మాటలు వాళ్ళ నోటికి ఇట్టే వస్తాయి.

విందు సన్నివేశంలో వస్తువులు వాటంతటవి కదిలితే పెద్దపిల్లలు "గ్రాఫిక్సా?" అంటారు. అప్పటికి కంప్యూటరు లేదని చెప్పి ఊరుకోకండి. ఫోనును కదలకుండా ఒకచోట బిగించి, పళ్ళెంలో లడ్డూను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫొటో తీయమనండి. సెకనుకు 12 ఫొటోల లెక్కన 60 ఫొటోలు కలిపితే అయిదు సెకన్ల బొమ్మ. దీనికి ఉచితంగా దొరికే యాప్‌లు ఉన్నాయి. మధ్యలో వెలుతురు మారితే బొమ్మ మినుకుమంటుంది కాబట్టి కిటికీ మూసి, ఒకే దీపం కింద తీయాలి. ఒక మధ్యాహ్నం ఈ పని చేసిన పిల్లలు బార్ట్‌లే పేరు మరచిపోరు. స్టూడియోలో లైట్లతో వెన్నెల ఎలా పుట్టించాడని వాళ్ళే అడుగుతారు. ఇంకో చిన్న పరీక్ష పెట్టండి. కథంతా పాండవుల ఇంటి పెళ్ళి గురించే కదా, సినిమాలో పాండవులు ఎక్కడ కనబడ్డారో వెతకమనండి. అయిదుగురిలో ఒక్కరూ కనబడరు. బడిలో ఒడియా కవి సారళాదాసు మహాభారతం విన్న పిల్లలకు శశిరేఖ ఎవరన్న అనుమానం రావచ్చు. ఈ పెళ్ళి కథ వ్యాసుడిది కాదని, జనం నోళ్ళలోనూ నాటకాల్లోనూ పెరిగినదని ముందే చెప్పేయండి.

పద్యాల దగ్గర చాలామంది తల్లిదండ్రులు ముందుకు తోసేస్తారు. అలా చేయొద్దు. గంజాం జిల్లా పిల్లలకు ఇందులో ఒక వీలుంది. ఊళ్ళల్లో ప్రహ్లాద నాటకం చూసినవాళ్ళకు పాత్ర గొంతెత్తి పాడుతూ కథ నడపడం కొత్త కాదు. "ఇది కూడా అలాంటిదే" అంటే చాలు. పద్యం వచ్చే ముందు ఆపి, అందులోని సంగతి రెండు ఇంటి మాటల్లో చెప్పి, తర్వాత వదలండి. పద్యం నడుస్తుండగా అర్థం చెప్తే రెండూ పోతాయి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు ఉన్న ప్రింటయితే పాటల్లోనూ హాస్యంలోనూ వాటిని ఆపేసి, పెద్ద సంభాషణల్లో మాత్రమే పెట్టండి. చదవగలిగే పిల్ల కళ్ళు కిందే ఉండిపోతాయి, మొహాలు చూడదు. ఒడియాలో చదివే పిల్లలు 'అ'ను గుండ్రంగా 'ఒ'లా పలుకుతుంటారు. దిద్దితే మొరాయిస్తారు, నచ్చిన డైలాగు అప్పజెప్పమంటే వాళ్ళే దిద్దుకుంటారు.

తెలుగు అక్షరాలు నేర్పడానికి మొదట్లో వచ్చే పేర్ల పట్టిక భలే పనికొస్తుంది. చేత్తో రాసిన పెద్ద అక్షరాలు, ఒక్కో పలకా కొన్ని సెకన్లు నిలుస్తుంది. రోజుకు మూడు పలకలు ఆపి చదివిస్తే చాలు, అంతకు మించితే పాఠమైపోతుంది.

వయసు సంగతి మొహమాటం లేకుండా చూసుకోవాలి. 'గుండమ్మ కథ' (1962) ఎనిమిదేళ్ళ నుంచి బాగా ఎక్కుతుంది, కాకపోతే సవతి కూతురి చేత ఇంటి చాకిరీ చేయించడం చూసి కొందరు చిన్నవాళ్ళు బెంగపడతారు. 'లవకుశ' (1963) తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం. మూడు గంటలు దాటుతుంది, సీత అడవి పాలయ్యే చోట ఏడుపులు ఖాయం, రెండు పూటలు చేయండి. 'శంకరాభరణం' (1980) సంగీతం నేర్చుకునే పిల్లలకు పెట్టాలని ప్రతి ఇంట్లో ఉబలాటం. అందులో అత్యాచారం, హత్య ఉన్నాయన్న సంగతి చాలామంది పెద్దలకు గుర్తుండదు. పన్నెండేళ్ళు దాటాక, పక్కన కూర్చుని చూపించాలి. చిన్నవాళ్ళకు పాటలు వేరుగా వినిపిస్తే సరి.

థియేటర్లో పాత సినిమా దొరికితే మాత్రం వదలకండి. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి దేశంలో చాలాచోట్ల ఆయన పాత సినిమాలు పెద్ద తెర మీద వేశారు. అలాంటివి వచ్చినప్పుడు బరంపురం వాళ్ళకు విశాఖ దాకా ప్రయాణం కావచ్చు. అంత దూరం వెళ్ళేటప్పుడు పిల్లలకు ఇంట్లో ముందే సగం చూపించి తీసుకెళ్ళండి. తెలిసిన కథను పెద్ద తెర మీద చూడటం పిల్లలకు మహా ఇష్టం, అర్థం కాలేదన్న గొడవా ఉండదు.

ఇక పండగ ప్రదర్శన. దసరాకే వేయాలని అందరూ అనుకుంటారు, కానీ మన తీరంలో అక్టోబరు తుపాను నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాను ముంచింది. ఆరుబయట వేయాలంటే సంక్రాంతే మేలు. వాన భయం తక్కువ, త్వరగా చీకటి పడుతుంది. ఉగాది పరీక్షల్లో పడుతుంది. జనవరిలో మంచు ఒక్కటే ఇబ్బంది. ప్రొజెక్టరు పైన చిన్న పందిరి ఉండాలి, లెన్సు తుడవడానికి మెత్తటి గుడ్డ ఉండాలి.

వంద మందికి పది అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల ఎత్తు తెర సరిపోతుంది. దుప్పటి కడితే వెలుతురు వెనక్కి పోతుంది. ఫ్లెక్సీ షాపులో మెరుపు లేని తెల్ల గుడ్డ కుట్టించి, వెనక నల్లగుడ్డ వేయించండి. నున్నని ఫ్లెక్సీ వద్దు, మధ్యలో దీపంలా మెరుస్తుంది. అంచు భూమికి నాలుగడుగుల ఎత్తులో ఉంటే ముందు చాపల మీద పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు అందరికీ కనబడుతుంది. అద్దెకు ఆఫీసు ప్రొజెక్టరు ఇస్తామంటే తీసిపారేయకండి. పాత ఎక్స్‌జీఏ రకం చట్రం నాలుగు-మూడే, అంటే పాత సినిమాకు అచ్చంగా సరిపోయేది. వెడల్పు రకంలో పక్క పట్టీలకు పోయే నాలుగోవంతు వెలుతురు ఇందులో దండగ కాదు. వెలుతురు కొలతలో 3000 ఏఎన్ఎస్ఐ ల్యూమెన్లుంటే చాలు. చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టర్ల డబ్బా మీద వేలకు వేలు రాస్తారు, 'ఏఎన్ఎస్ఐ' అన్న మాట లేకపోతే ఆ అంకె నమ్మొద్దు. చాలావరకు ఆఫీసు ప్రొజెక్టర్లను పదడుగుల బొమ్మకు తెర నుంచి సుమారు పదిహేను అడుగుల దూరంలో పెట్టాలి. ముందురోజు రాత్రి అదే చోట వేసి చూడండి. వీధి దీపం తెర ముఖాన పడుతోందా లేదా అన్నది పగలు తెలియదు.

కరెంటు పోతే దీపం రకం ప్రొజెక్టరు ఫ్యాను కూడా ఆగి, వేడికి దీపం పాడయ్యే ప్రమాదం ఉంది. ఒక యూపీఎస్ పెట్టి అయిదు నిమిషాలు నిలబెడితే ఆలోగా జనరేటరు అందుకుంటుంది. ఆంప్లిఫయరును దానికి తగిలించొద్దు, ఆ కాసేపూ నిలవదు. స్పీకర్లు తెరకు రెండు వైపులా ఆరడుగుల ఎత్తున. టెంటు హౌసు వాళ్ళు బూరా మైకులు తెస్తారు. వాటిలో పాత సినిమా మాట గీరుగా వస్తుంది, పెట్టె స్పీకర్లే కావాలని ముందే చెప్పాలి.

రాత్రి పదికి లౌడుస్పీకరు ఆగాలన్నది 2000 నాటి శబ్ద నియమం. కొన్ని పండగ రోజులకు సడలింపు ఉంటుంది, దాని మీద ఆధారపడకుండా పోలీసు అనుమతి రాతలో తీసుకుని ఆరున్నరకు మొదలుపెట్టండి. విశ్రాంతితో కలిపి పావు తక్కువ పదికి అయిపోతుంది. ఇంట్లో ఉన్న ఓటీటీ చందా ఇంటికే, పందిరికి చెల్లదు. సినిమా హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. 1957 సినిమాకు అది తీరింది. పాట రాసినవారి హక్కు మాత్రం వారి మరణం తర్వాత 60 ఏళ్ళ దాకా ఉంటుంది. 'మాయాబజార్'కు 2010లో వేసిన రంగుల ప్రింటు వేరే వాళ్ళ పని. కాబట్టి ఏ ప్రింటు వేస్తున్నారో దాని హక్కుదారుకు ఉత్తరం రాసి ఒప్పుకోలు తీసుకోండి. రెండు నెలల ముందు రాయాలి.

పక్కింటి ఒడియా కుటుంబాలూ వస్తారు, రావాలి కూడా. మొదలయ్యే ముందు బడిపిల్ల ఒకరు కథను రెండు నిమిషాలు ఒడియాలో, రెండు నిమిషాలు తెలుగులో చెప్పాలి. కాగితం చూడకుండా చెప్పేటట్టు వారం ముందు నుంచి సాధన చేయించండి. సినిమా నడుస్తుండగా మైకులో వ్యాఖ్యానం పెట్టొద్దు. విశ్రాంతి పది నిమిషాలకు మించితే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు లేచిపోతారు. పులిహోర పొట్లాలు ముందే కట్టించి, కూర్చున్న చోటికే అందించండి.