టీకా వల్లే అయితే బాగుండు అనుకున్నాను

2021 ఏప్రిల్‌లో డాలస్‌లో మోడెర్నా కోవిడ్ టీకా రెండో డోసు వేయించుకున్నాను. క్యాన్సర్ ఆపరేషన్‌లో ఎడమ చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారు కాబట్టి సూది కుడి చేతికే వేయించుకున్నాను. రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు. ఆ తర్వాత మామూలే. పదకొండో రోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము బిగుసుకుపోయినట్టు అనిపించింది. మర్నాటికి కుడిదానికంటే బాగా ఉబ్బింది. 2014లో ఆ రొమ్ము తీసేసి సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఫోన్‌లో చెబితే రాజమండ్రి నుంచి అమ్మ, "టీకా వేడి చేసుంటుందే, మజ్జిగ తాగు" అంది. అమ్మ మాటే నిజం కావాలని ఎంత కోరుకున్నానో! ఎందుకంటే నాది గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్. అలాంటివి కొన్నింటిని 2019 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్ నుంచి వెనక్కి తీయించింది. వాటి చుట్టూ ఏర్పడే పొరలో అరుదుగా బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనే లింఫోమా (ఒక రకం క్యాన్సర్) వస్తుంది. చాలామందిలో దాని మొదటి లక్షణం, ఏళ్ల తర్వాత ఇలా నీరు చేరి ఉబ్బడమే.

అల్ట్రాసౌండ్‌లో ఇంప్లాంట్ చిరగలేదని, చుట్టూ నీరు ఉందని తేలింది. "టీకా వల్ల కాదా డాక్టర్?" అని అడిగాను. "అయి ఉండొచ్చమ్మా. కానీ ఈ నీటిని పరీక్షించకుండా ఆ మాట నేను అనను" అన్నారావిడ, తెలుగులోనే. ఆ మాటకు ఆవిడకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. సూదితో 90 మిల్లీలీటర్లు తీశారు. గడ్డి రంగులో, పలచగా ఉంది. ఇన్ఫెక్షన్ ఉందేమోనని కొంత కల్చర్‌కు, లింఫోమా కోసం కొంత సీడీ30 పరీక్షకు పంపారు.

రిపోర్టు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ టెన్షన్‌లో మా ఆయన, నేను పిల్లల ముందు వాతావరణం గురించి, కూరల గురించి మాట్లాడుకున్నాం. రాత్రి ఆయన నిద్రపోలేదని నాకు తెలుసు, నేను నిద్రపోలేదని ఆయనకు తెలుసు.

రెండూ నెగెటివ్. కారులో కూర్చుని ఏడ్చాను.

నీరు కొంచెం మళ్లీ చేరింది కానీ వాపు తగ్గే మందులతో మూడు నెలల్లో పోయింది. తర్వాత ఇలాంటి కేసులు కొన్ని వైద్య పత్రికల్లోనూ వచ్చాయి. అయినా నా ఫైల్లో డాక్టర్ "టీకా తర్వాత" అనే రాశారు, "టీకా వల్ల" అని రాయలేదు. టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ వేర్స్‌లో నేనే నమోదు చేశాను, అందులోనూ అదే మాట వాడాను. డిసెంబర్‌లో బూస్టర్ వేయించుకున్నాను, రెండు వారాలకు అల్ట్రాసౌండ్ ముందే బుక్ చేసుకుని. ఈసారి నీరు చేరలేదు.