లక్ష రూపాయల అరుగు

పోయినేడు జూన్‌లో అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్దాం అనుకున్నాం. మేముండేది సియాటిల్ పక్కనే కాబట్టి ఫ్లైట్ ఖర్చు లేదు, పొద్దున ఇంట్లో ఉప్మా తిని మధ్యాహ్నానికి షిప్ ఎక్కేయొచ్చు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు, పేచీ అంతా రూమ్ దగ్గరే వచ్చింది.

క్రూజ్ ఎప్పుడూ ఎక్కనివాళ్ళకి చెప్తున్నా, ఇన్‌సైడ్ రూమ్ అంటే షిప్ మధ్యలో ఉండే గది, కిటికీ ఉండదు, లైట్ తీస్తే చిమ్మచీకటి. ఓషన్ వ్యూ అంటే తెరుచుకోని అద్దం కిటికీ. బాల్కనీ అంటే తలుపు తీసుకుని బయటికెళ్తే రెండు కుర్చీలు, ఓ బుల్లి టేబుల్, కింద సముద్రం. మా తేదీలకి ఇన్‌సైడ్‌కీ బాల్కనీకీ రూమ్‌కి 1100 డాలర్లు తేడా చూపించింది. తిండి అదే, షోలు అవే, టిప్పులూ పోర్ట్ టాక్సులూ రెండింటికీ ఒకటే, అంటే ఆ 1100 అచ్చంగా ఆ తలుపుకీ ఆ రెండు కుర్చీలకే అన్నమాట.

నాన్న వెంటనే 85తో గుణించేశారు. తొంభైమూడు వేల అయిదొందలు. ఆయన లెక్కలో అది లక్షే. "లక్ష పెట్టి కిటికీ కొంటావేంట్రా, కళ్ళు మూసుకుని పడుకున్నాక అది కనపడుతుందా" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాదీ అదే మాట. పెళ్ళయిన కొత్తలో ఫ్లోరిడా నుంచి బహామాస్ నాలుగు రోజులు వెళ్ళాం, ఇన్‌సైడే, స్నానానికీ నిద్రకీ తప్ప రూమ్ మొహం చూడలేదు. ఆ 1100 పెడితే అలాస్కాలో షిప్ ఆగే జూనో ఊళ్ళో తిమింగలాలు చూపించే బోటుకి ఇంటిల్లిపాదీ వెళ్ళి రావచ్చు కదా అని నేను.

మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "మనం వేరు, వాళ్ళు వేరు. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులతో రోజుకి ఎన్నిసార్లు పై డెక్‌కి వెళ్తారు? ఏడు రోజులు ఆవిణ్ణి కిటికీ లేని గదిలో కూర్చోబెడతావా" అంది. రాజమండ్రిలో మా ఇంటి ముందు అరుగుంది, అమ్మ సాయంత్రం పూట సగం అక్కడే గడుపుతుంది, చిక్కుడుకాయలు ఒలవడం దగ్గర్నించి వీధిలో వెళ్ళేవాళ్ళని పలకరించడం వరకు అన్నీ అక్కణ్ణించే. అది గుర్తొచ్చాక నేనింక మాట్లాడలేదు.

చివరికి మధ్యేమార్గం ఒకటి దొరికింది, అమ్మానాన్నలకి బాల్కనీ, దానికి సరిగ్గా ఎదురుగా వరండా అవతలి ఇన్‌సైడ్ రూమ్ మాకూ పాపకీ. ఆరడుగులు వేస్తే వాళ్ళ రూమ్, వాళ్ళ బాల్కనీ మనదే. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళతో వెళ్ళే మనవాళ్ళకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదని నా నమ్మకం, కాకపోతే ముందే బుక్ చేసి రూమ్ నంబర్లు మనమే ఎంచుకోవాలి. గ్యారంటీ అని చవగ్గా ఒకటి ఇస్తారు చూడండి, అందులో రూమ్ వాళ్ళ ఇష్టం, ఒక రూమ్ ముందూ ఒకటి వెనకా పడితే మధ్యలో అమ్మని నడిపించలేక చావాలి.

ఇక్కడ ఓ మోసం కూడా తప్పించుకున్నాం. మోసం అనకూడదేమో, రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. మాకు కోట్ ఇచ్చిన ఏజెంట్ బాల్కనీ మూడొందలు తక్కువకే దొరికిందండీ అని ఒకటే హడావిడి చేశాడు, డబ్బు కట్టబోతూ ఎందుకో అనుమానమొచ్చి డెక్ ప్లాన్ తెరిచి చూస్తే ఆ రూమ్ సరిగ్గా లైఫ్‌బోట్ ఎదురుగా ఉంది. అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ అంటారు. అంటే ఏడు రోజులూ తలుపు తీస్తే నారింజ రంగు పడవ వీపు దర్శనం. ఫోన్ చేసి అడిగితే "గాలి మాత్రం బాగా వస్తుంది సార్" అన్నాడు మహానుభావుడు. కాబట్టి బాల్కనీ చవగ్గా వచ్చిందంటే పై అంతస్తు ప్లాన్, కింది అంతస్తు ప్లాన్ రెండూ చూడండి. నెత్తిన డాన్స్ ఫ్లోరో బఫే హాలో ఉంటే రాత్రంతా కుర్చీలు ఈడుస్తున్న చప్పుడే.

మొదటి రోజంతా సముద్రమే. సియాటిల్ నుంచి బయల్దేరే షిప్పులు చాలావరకు కెనడా వాంకూవర్ ఐలండ్‌కి పడమటగా, ఓపెన్ పసిఫిక్‌లోంచి పైకెళ్తాయి. కొండలూ లేవు, మంచూ లేదు, బూడిదరంగు నీళ్ళు తప్ప చూడ్డానికేం లేదు, పైగా షిప్ ఊగుతోంది. నాన్న బాల్కనీలోకి ఒకసారి తొంగిచూసి "లక్ష రూపాయల నీళ్ళు" అని టీ తాగడానికి వెళ్ళిపోయారు. అమ్మకి కడుపులో తిప్పడం మొదలైంది. మాత్ర వేసి, శాలువా కప్పి బాల్కనీలో కూర్చోబెట్టి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతనే చూస్తూ ఉండమన్నాం, చల్లగాలికి అరగంటలో మనిషి తేరుకుంది. ఊగుడు సంగతికొస్తే మాత్రం కింది అంతస్తులో, షిప్ నడిమధ్యలో ఉండే చవక రూమే పై అంతస్తు బాల్కనీ కన్నా నయం, ఊగుడు ఎక్కువ పడనివాళ్ళు అది చూసుకోండి.

జూనోలో, సిట్కాలో, కెచికాన్‌లో దిగాం, దిగిన రోజుల్లో బాల్కనీకి పనే లేదు. కెచికాన్‌లో ఏడాదికి 140 అంగుళాలకి పైనే వాన పడుతుందట, మా కోస్తాలో 40 అంగుళాలు పడితేనే గోదారి వైపు చూసుకుంటూ కూర్చుంటాం. మేం దిగిన రోజూ వానే.

అసలు లెక్క తేలింది గ్లేసియర్ బే రోజున. గ్లేసియర్లు, అంటే మంచునదులు, వచ్చి కలిసే సముద్రపు పాయ అది, నేషనల్ పార్క్, రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్పులకే పర్మిషన్, పొద్దున్నే పార్క్ రేంజర్లు చిన్న బోటులో వచ్చి మన షిప్ ఎక్కి రోజంతా మైకులో చెప్తూ ఉంటారు. 1750 ప్రాంతంలో ఆ బే మొత్తం మంచే, నీళ్ళే లేవు. 1879లో జాన్ మ్యూయర్ అనే ఆయన వచ్చేసరికే మంచు నలభై మైళ్ళకి పైగా వెనక్కి పోయిందట. నేను, నాన్న, పాప దొరికిన స్వెట్టర్లన్నీ వేసుకుని పై డెక్ ఎక్కాం. అక్కడ జనం, మన తిరునాళ్ళలో రథం ముందు ఉన్నట్టే, ఒకడి మోచెయ్యి ఒకడి పక్కటెముకల్లో. కానీ చుట్టూ నాలుగు దిక్కులూ కనిపిస్తాయి, ఆ అనుభవం బాల్కనీకి రాదు, ఎందుకంటే బాల్కనీకి ఒకటే వైపు. రేంజర్ ఎడంవైపు కొండమేకలు అంటే కుడివైపు బాల్కనీవాళ్ళు గోడ చూసుకోవాల్సిందే.

ఈలోపు అమ్మ రూమ్‌లోనే ఉంది, టీవీలో రేంజర్ మాటలు పెట్టి, బాల్కనీ తలుపు తీసి, దుప్పటి కప్పుకుని. మా ఆవిడ తోడుంది. వాళ్ళిద్దరికీ సీ ఆటర్ కనిపించింది, సముద్రపు నీటికుక్క అనాలేమో, వెల్లకిలా తేలుతూ పిల్లని పొట్ట మీద పడుకోబెట్టుకుని షిప్ పక్కనించే వెళ్ళిందట, అమ్మ దానికి చెయ్యి ఊపిందట కూడా. పైన రెండొందలమందిలో నిలబడ్డ మాకు అలాంటిదేదీ ఆనలేదు, అంత ఎత్తు నించి నీళ్ళలో నల్లచుక్కే కనబడుతుంది.

మార్జరీ గ్లేసియర్ ముందు షిప్ ఇంచుమించు గంటసేపు ఆగింది. మైలు వెడల్పు మంచుగోడ, నీటిపైన 250 అడుగుల ఎత్తు, పగుళ్ళలో నీలిమందు కలిపినట్టు నీలం. పక్కనే గ్రాండ్ పసిఫిక్ అని ఇంకో గ్లేసియర్ ఉంది గానీ మొత్తం మట్టీ రాళ్ళూ కప్పేసి ఉంటుంది, నాన్న దాన్ని చూసి "ఇదేం గ్లేసియర్రా, పోలవరం మట్టిగుట్టలా ఉంది" అన్నారు. షిప్ నెమ్మదిగా ఉన్నచోటే తిరుగుతుంది, రెండు వైపుల బాల్కనీలవాళ్ళకీ వంతు వస్తుంది, కాబట్టి ఏ వైపు రూమ్ అని ఇక్కడ బెంగ పెట్టుకోనక్కర్లేదు. మా వంతు వచ్చేసరికి నేను కిందికి దిగిపోయాను. అమ్మ కుర్చీలో, నేను రెయిలింగ్ పట్టుకుని. ముందు గోడలోంచి ఓ ముక్క, మూడంతస్తుల మేడంత ఉంటుంది, చప్పుడు లేకుండా జారింది. నీళ్ళు లేచాయి. అప్పుడొచ్చింది చప్పుడు, ఉరుము లాంటిది, ఛాతీలో తగిలింది. అక్కడి ట్లింగిట్ జనం దాన్ని తెల్ల ఉరుము అంటారట. అమ్మ ఏం మాట్లాడలేదు, నా చొక్కా అంచు పట్టుకుంది, చిన్నప్పుడు పుష్కరాల్లో నేను ఆవిడ కొంగు పట్టుకున్నట్టు. పైన జనం అరుపులు మాకు సన్నగా వినిపించాయి.

నాన్న పైనుంచి వచ్చి, చేతులు మొద్దుబారిపోయాయని గొణుగుతూ రెండో కుర్చీలో కూర్చున్నారు. కాఫీ తెప్పించమన్నారు. లక్ష మాట ఎత్తలేదు.

ఆ తర్వాత నుంచి ఆయనకీ అలవాటైంది. వెళ్ళేటప్పుడు మా బాల్కనీ తూర్పు వైపు, కొండలు, పొద్దుటి సూర్యుడు. అక్కడ జూన్‌లో నాలుగింటికే తెల్లారిపోతుంది, అమ్మ లేచి దణ్ణం పెట్టుకునేది. దక్షిణానికి తిరిగాక అదే బాల్కనీకి పడమర వచ్చింది, సూర్యుడు కనపడక అమ్మకి కోపం, రాత్రి తొమ్మిదీ పదింటిదాకా పొద్దుగూకకపోవడం చూసి నాన్నకి ఆశ్చర్యం.

బాల్కనీలో బట్టలు ఆరేయకూడదు, అమ్మ తువ్వాలు ఆరేస్తే అటెండెంట్ వచ్చి చాలా మర్యాదగా లోపల పెట్టాడు. దీపం, అగరొత్తులు అసలు కుదరవు. అమ్మ సూట్‌కేస్ అడుగున దాచిన బుల్లి రైస్ కుక్కర్ ఎక్కేచోటే స్కానింగ్‌లో దొరికింది, దిగేరోజు తిరిగిచ్చారు. ఇంకో సంగతి, సియాటిల్ షిప్పులు చాలావరకు కెనడాలో విక్టోరియా దగ్గర ఓ పూట ఆగుతాయి, 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, విదేశీ జెండా ఉన్న షిప్ మధ్యలో వేరే దేశపు రేవు తాకాల్సిందే. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వచ్చే అమ్మానాన్నలకి కెనడా వీసా ముందే తీయాలి. బాల్కనీ గురించి నెల రోజులు కొట్టుకుని ఇది మర్చిపోయినవాళ్ళు నాకు తెలుసు.

మా ఇన్‌సైడ్ రూమ్‌ని కూడా తక్కువ చెయ్యను. బయట వెలుతురున్నా లోపల అమావాస్య, పాప తొమ్మిదింటిదాకా లేచేది కాదు, టీవీలో షిప్ ముందు కెమెరా ఛానల్ పెడితే అదే బెడ్‌లైట్. ఆ బాల్కనీ ఎదురుగా లేకపోతే ఇంత తృప్తిగా ఉండేదా అంటే చెప్పలేను. వయసులో ఉన్నవాళ్ళు, మూడు నాలుగు రోజుల ట్రిప్, ఎండ ఊళ్ళు అయితే నేనిప్పటికీ ఇన్‌సైడే తీసుకుంటా. మా పిన్నివాళ్ళు 2022లో వైజాగ్ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై కార్డీలియా అనే కంపెనీ షిప్‌లో వెళ్ళారు, ఎంప్రెస్ అని, 1990లో కట్టిన షిప్, అప్పటి షిప్పులకి బాల్కనీలే తక్కువ, కిటికీ రూమ్‌తో హాయిగా తిరిగొచ్చారు.

వచ్చే ఏడు మా అత్తమామలు వస్తున్నారు. ఈసారి వాంకూవర్ నుంచి ఎక్కుదాం అనుకుంటున్నాం, ఆ దారి ఇన్‌సైడ్ ప్యాసేజ్ అనే దీవుల మధ్య నీళ్ళదారిలోంచి, రెండు వైపులా కొండలు దగ్గరదగ్గరగా, అక్కడ బాల్కనీకి ఇంకా విలువ. రేటు చూసి పెట్టాను, మిగతా డబ్బు కట్టే గడువు లోపు తగ్గితే తగ్గిన రేటుకి మార్చమని అడగొచ్చు, రోజూ పొద్దున్నే అదే చూస్తున్నా. మా ఆవిడ మాత్రం ఈసారి బాల్కనీలో తను వాళ్ళమ్మతో ఉంటుందట, నేనూ మావయ్యగారూ పాపా ఇన్‌సైడ్‌లో. మావయ్యగారి గురక సంగతి తనకి తెలిసే అంటోంది.