పూతరేకులాంటి మంచు

కోనసీమ నుంచి చలికాలంలో హిమాలయాలకు ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు స్వెట్టర్ల గురించి తెగ అడుగుతారు. వాలు ఎంతని ఒక్కరూ అడగరు. చదును నేల మీద పుట్టినవాళ్లం మరి! ఇసుక ర్యాంపులో పొడి ఇసుక గుట్ట వాలు గుర్తుందిగా, 30 డిగ్రీల పైమాటే. పలకలా విరిగి పడే మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే మొదలవుతాయి.

మంచు పొరలు అచ్చం ఆత్రేయపురం పూతరేకే: పైన రేకు, లోపల పంచదార. మంచు పలచగా పడి చలి ముదిరితే అడుగుపొర పలుకులవుతుంది, గుప్పిట్లో నొక్కినా ఉండ కట్టదు. దానిమీద గాలి తెచ్చిపోసిన మంచు గట్టిపడిందా, ఇక అది విరిగి జారడానికి మనిషి బరువు చాలు.

పొర జారుతుందో లేదో చూడాలంటే 30 సెంటీమీటర్ల చదరంలో మంచు స్తంభం చెక్కి, పైన పార ఆనించి మణికట్టు నుంచి 10, మోచేయి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు వేయండి. తొలి దెబ్బలకే పొర సర్రున జారితే వెనక్కి రండి. జారకపోతే ధీమా వద్దు, పది అడుగుల అవతల పొర వేరేలా ఉండొచ్చు. కాలికింద మంచు 'వుప్'మని కుంగితే ఈ పరీక్షే అక్కర్లేదు, వెంటనే వెనక్కి రండి.

బీకన్ (కూరుకుపోయిన మనిషి జాడ సిగ్నల్‌తో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార గైడు దగ్గరుంటే చాలదు, ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. కూరుకుపోయినవారిని 10, 15 నిమిషాల్లో తీయకపోతే ఊపిరాడదు.